ముట్టుకుంటే ఉండ చుట్టుకునే పురుగు మీద పెరట్లోనే పరిశోధన ఎలా చేయాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ పని మొదలుపెట్టడానికి మంచి కాలం అక్టోబరు నుంచి జనవరి దాకా. నెల్లూరుకి ఏడాదిలో పడే వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలే తెస్తాయి. కాబట్టి ముసురు వదిలిన మర్నాడు పెరట్లో పాత ఇటుకల కుప్పో, పూలకుండీనో, కొబ్బరి మట్టల కుప్పో కదిపి చూడండి. కింద బూడిద రంగులో, పెసరగింజ కంటే కొంచెం పొడుగ్గా, వీపంతా పెంకులు పెంకులుగా ఉన్న జీవులు కనబడతాయి. కొన్ని పరిగెత్తి చీకట్లోకి దూరతాయి, కొన్ని ముట్టుకోగానే ఉండ చుట్టుకుని కదలవు, పిలకాయలు వాటితోనే గోలీలాడతారు. రోహిణి కార్తెలో అదే ఇటుక ఎత్తితే ఒక్కటి కూడా ఉండదు, నేల పగుళ్లలోకో, మట్టి లోపలికో దిగిపోయి ఉంటాయి. ఎందుకు దిగిపోతాయి అన్నదే మన పరిశోధన.

పురుగు అంటున్నాను గానీ ఇది కీటకం కాదు. రొయ్య, పీత ఉన్న క్రస్టేషియన్ల వంశంలో ఐసోపాడ్ అనే శాఖ ఉంది, ఆ శాఖలో నీళ్లు వదిలేసి నేల మీదే పుట్టి నేల మీదే చచ్చే గుంపు ఇది. ప్రపంచం మొత్తం మీద 3,700కు పైగా జాతుల్ని గుర్తించారు. రొయ్యల గుంటల పక్కన పెరిగిన మనకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక, మొప్పల గొడవ, మోల్టింగ్ (కుబుసం విడవడం) గొడవ, కాల్షియం గొడవ అన్నీ అవే, గుంట ఒక్కటే లేదు. కీటకాలకు ఒంటి మీద ఉండే మైనపు పూత దీనికి సరిగా లేదు. ఊపిరి తీసుకునేది పొట్ట కింద వెనక భాగంలో ఉండే పలచటి రేకుల్లాంటి కాళ్లతో, అవి తడిగా లేకపోతే ఊపిరాడదు. అలాగని నీళ్లలో ముంచి ఉంచితే కొంతసేపటికి చచ్చిపోతుంది కూడా. గుంట లేని రొయ్య ఒంట్లో నీళ్లు ఎట్లా కాపాడుకుంటుంది అన్న ఒక్క ప్రశ్న పట్టుకుంటే కింద చెప్పే ప్రయోగాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. పిన్ను దగ్గర్నుంచి మైక్రోస్కోపు దాకా ఏదీ కొనక్కర్లేదు, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఒకటి ఉంటే సగం పని అయినట్టే.

ముందు సరైన జీవినే పట్టుకోండి

రోకలిబండతో పొరబడేవాళ్లు చాలామంది. రోకలిబండ పొడుగ్గా ఉండి చక్రంలా చుట్టుకుంటుంది, దాని ఒంట్లో చాలావరకు ప్రతి కట్టుకీ రెండు జతల కాళ్లుంటాయి. మన ఐసోపాడ్‌కి నడిచే కాళ్లు మొత్తం ఏడు జతలే, పద్నాలుగు కాళ్లు, అంతకు మించి లెక్క వస్తే అది వేరే జీవి. దక్షిణాది కొండ అడవుల్లో ఆర్థ్రోస్ఫేరా అనే రకం రోకలిబండలున్నాయి, అవి కూడా అచ్చం ఉండలాగే చుట్టుకుంటాయి, కాబట్టి ఉండ చుట్టింది కదా అని నమ్మేయకుండా తిరగేసి కాళ్లు లెక్కపెట్టండి. తిరగేయడం కష్టమైతే పారదర్శకంగా ఉండే స్వీటు డబ్బా మూతలో వేసి కింద నుంచి చూడండి, ఏ ఇబ్బందీ ఉండదు.

మన ఇళ్ల దగ్గర రెండు తరహాలు దొరుకుతాయి. పేడ దిబ్బలో, కుళ్లిన గడ్డివాము అడుగున ఉండి, ఒంటి మీద బూడిద చల్లినట్టు నీలిబూడిద రంగులో మెరుస్తూ, ఉండ చుట్టకుండా వేగంగా పరిగెత్తేవి ఒకటి. ఇలాంటిది కనబడితే అది పోర్సెలియోనైడిస్ ప్రూయినోసస్ అయ్యే అవకాశం ఎక్కువ, మనుషుల వెంటే ఎరువుల కుప్పలతో పాటు ప్రపంచమంతా పాకిన జాతి అది. దాని వెనక చివర చూస్తే తోకలాంటి రెండు ముళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. రెండోది ఉండ చుట్టేది, దానికి ఆ ముళ్లు బయటికి రాకుండా చదునుగా సర్దుకుని ఉంటాయి. వేడి దేశాల్లో ఇది ఎక్కువగా క్యూబారిస్, దాని దగ్గరి బంధువుల జాతులు. ఇంగ్లీషు పుస్తకాల్లో, వీడియోల్లో కనబడే ఆర్మడిల్లిడియం వల్గేర్ మధ్యధరా ప్రాంతం నుంచి చల్లటి దేశాలకు పాకింది. మీ పెరట్లో దొరికిన దానికి కళ్లు మూసుకుని ఆ పేరు రాసేస్తే చదివినవాళ్లు నవ్వుతారు. జాతి పేరు తేలేదాకా "ఉండ చుట్టే రకం", "పరిగెత్తే రకం" అని రాసుకోండి, తప్పేమీ లేదు. కానీ ఒక ప్రయోగంలో రెండు రకాలనీ కలపకండి.

పట్టడం

రాళ్లెత్తేటప్పుడు ఒక జాగ్రత్త. రాయి అవతలి అంచు పట్టుకుని మీ వైపుకి లేపండి, సందు మీకు అవతలి వైపు తెరుచుకోవాలి. తేలు, జెర్రి, కట్లపాము కూడా తడిచోటే వెతుక్కుంటాయి, అటు తెరుచుకుంటే అవి అటే పోతాయి, మధ్యలో రాయి అడ్డం ఉంటుంది. రాత్రి టార్చి వేసుకుని వెళ్తే బూట్లు లేకుండా వెళ్లొద్దు. మందు కొట్టిన నిమ్మతోటల్లో, మిరప చేలల్లో పట్టొద్దు, మందు ప్రభావంతో తూలుతున్న జీవి మీద చేసిన ప్రయోగం దేనికీ పనికిరాదు. అభయారణ్యాల్లో, రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా ఏదీ ఏరకండి.

వెతకడం ఇష్టం లేనివాళ్లు వల పెట్టొచ్చు. బంగాళాదుంపని సగానికి కోసి గుజ్జు స్పూన్‌తో తోడేసి, ఒక పక్క చిన్న గంటు పెట్టి, సాయంత్రం తడినేల మీద బోర్లిస్తే పొద్దునకల్లా లోపల చేరి ఉంటాయి. తడిపిన గోతాం మడిచి కుండీల మధ్య పడేసినా అంతే.

ఇంతకంటే మంచిది ఇంకోటుంది, ఒంగోలు, చీమకుర్తి వైపు వాళ్లకు చాలా సులువు. ఆ చుట్టుపక్కల గ్రానైట్ ముక్కలకు కొదవేముంది, రెండు అరచేతులంత పలకలు పది, అన్నీ దాదాపు ఒకే సైజువి తెచ్చుకోండి. ఐదు నీడలో, ఐదు ఎండలో పరిచి నంబర్లు వేయండి. వాటిని కదపకుండా వదిలేసి, వారానికోసారి, ఒకే వేళకి, పొద్దున్నే ఎత్తి కింద ఎన్ని ఉన్నాయో రాసి మళ్లీ అలాగే పెట్టేయండి. పలకలన్నీ ఒకే సైజు కాబట్టి లెక్కలు పోల్చుకోవచ్చు. ఇటుకల కుప్పలో దొరికినవీ, కుండీ కింద దొరికినవీ పోల్చడానికి లేదు, ఆ రెండిట్లో దాక్కునే చోటే వేరు. నవంబరులో మొదలుపెట్టి మే దాకా ఈ పలకలు ఎత్తితే, వాన ఆగాక ఎన్ని వారాలకు నీడ పలక కింద లెక్క పడిపోతుందో, ఎండ పలక కింద ఎప్పుడు పడిపోతుందో మీ పెరటి లెక్క మీ చేతిలో ఉంటుంది. మన మండలాల్లో ఇలాంటి లెక్క ఎవరైనా రాసి పెడితే చదవడానికి నేను ముందుంటాను.

చేత్తో గాని, పట్కారుతో గాని నొక్కి పట్టుకోకండి, కాళ్లు ఊడతాయి. పిల్లలు బొమ్మలకు వాడే మెత్తటి పెయింట్ బ్రష్‌తో ప్లాస్టిక్ స్పూన్‌లోకి తోయండి. ప్రయోగాలన్నిటికీ నలభై, యాభై చాలు.

డబ్బా సర్దడం

బిర్యానీ పార్సిల్ వచ్చే పెద్ద ప్లాస్టిక్ డబ్బా బాగా కడిగి, పక్కల పైభాగంలో పిన్నుతో పది, పదిహేను బెజ్జాలు పెట్టండి. అడుగున మూడు నాలుగు వేళ్ల మందాన మందు తగలని మట్టి, దాని మీద ఎండి, సగం కుళ్లిన ఆకులు, ఒక కొబ్బరి చిప్ప ముక్క బోర్లించండి. మట్టి అంతా తడపకండి, ఒక పక్క మాత్రమే నీళ్లు చల్లండి, రెండో పక్క పొడిగానే ఉండాలి. ఏది కావాలో అదే తేల్చుకుంటుంది. పంపు నీళ్లలో క్లోరిన్ వాసన వస్తుంటే ఒక రాత్రి బకెట్‌లో ఉంచి వాడండి. కాల్షియం కోసం కోడిగుడ్డు పెంకు పొడి ఒక స్పూన్ చల్లితే సరిపోతుంది, రొయ్యల గుంటలకు వేసే మినరల్ మిక్స్ ఇంట్లో ఉంది కదా అని పోయకండి, అందులో ఏమేం కలుస్తాయో బ్రాండుకో తీరు. చీమలు పట్టకుండా డబ్బాని నీళ్లు పోసిన పళ్లెంలో ఇటుక పెట్టి దాని మీద ఉంచండి. చీమల చాక్‌పీసు మాత్రం ఆ చుట్టుపక్కలకు కూడా రానివ్వొద్దు.

మూత తీయగానే ముక్కుకి ఘాటుగా అమ్మోనియా వాసన తగిలితే మరీ ఎక్కువమందిని ఇరికించారని అర్థం. ఈ జీవులు మూత్రం పోయవు, ఒంట్లో పుట్టే నత్రజని వ్యర్థాన్ని అమ్మోనియా వాయువుగానే బయటికి వదిలేస్తాయి, మూత్రంలో నీళ్లు పోగొట్టుకునే ఖర్చు తప్పుతుంది.

మొదటి రెండు వారాలు చూడటమే పని

ప్రయోగం చేయాలని తొందర పడకండి. కొత్త డబ్బాకు అలవాటు పడనివ్వండి, ఈలోపు రోజుకోసారి భూతద్దంతో చూస్తూ కనిపించింది రాయండి. మీకు కనిపించే అవకాశం ఉన్నవి కొన్ని చెప్తాను.

పొట్ట కింద వెనక రేకుల మీద తెల్లటి మచ్చలు కనబడితే అవే దాని ఊపిరితిత్తులు, లోపల గాలి ఉండటం వల్ల తెల్లగా మెరుస్తాయి. అన్ని జాతులకూ ఉండవు. సముద్రపు ఒడ్డు రాళ్ల మీద బొద్దింకలా పరిగెత్తే లైజియా అనే బంధువు ఉంది, హార్బర్ గోడల దగ్గర, అలలు కొట్టే రాళ్ల మీద చూడండి, దానికి ఈ ఊపిరితిత్తులు లేవు, చాలావరకు తీరం వదిలి లోపలికి రాదు.

కుబుసం విడిచే పద్ధతి ఇంకా బాగుంటుంది. రొయ్య మొత్తం పెంకు ఒక్కసారే వదిలేసి మెత్తబడి పక్క రొయ్యలకు ఆహారమవుతుంది, రైతులు అమావాస్యకీ పౌర్ణమికీ గుంట దగ్గర పడే టెన్షన్ అదే. ఇది మాత్రం ముందు వెనక సగం విడుస్తుంది, తర్వాత ఒకటి రెండు రోజులకో, ఇంకొంచెం ఆలస్యంగానో ముందు సగం విడుస్తుంది. ఏ సమయంలో చూసినా ఒంట్లో సగం గట్టిగానే ఉంటుంది. కుబుసానికి ముందు పాత పెంకులోని కాల్షియాన్ని వెనక్కి లాక్కుని ఛాతీ కింద తెల్లటి పలకల్లా దాచుకుంటుంది, స్వీటు డబ్బా మూత కింద నుంచి చూస్తే ఆ తెల్లటి పలకలు తెలిసిపోతాయి. అవి కనిపించిన జీవిని వేరే చిన్న డబ్బాలో పెట్టి గంట గంటకూ ఫోన్‌తో ఫొటో తీయండి. విడిచిన పెంకుని అదే తినేస్తుంది, కాబట్టి తెల్లారాక చూద్దాంలే అనుకుంటే ఏమీ మిగలదు.

ఆడదాని పొట్ట కింద కాళ్ల మధ్య సంచి ఉబ్బి పసుపుగానో తెల్లగానో కనబడితే అందులో గుడ్లున్నాయి. ఆ సంచిలో నీళ్లలాంటి ద్రవం ఉంటుంది, నేల మీదికొచ్చినా పిల్లల కోసం చిన్న గుంట ఒంటి మీదే మోసుకుంటుందన్నమాట. బయటికొచ్చిన పిల్లలకు ఆరు జతల కాళ్లే ఉంటాయి, ఏడో జత మొదటి కుబుసాలు విడిచాక వస్తుంది. దీన్ని లెక్కపెట్టి చూపించిన పిల్లాడు ఉంటే సైన్స్ ఫెయిర్‌లో థర్మోకోల్ అగ్నిపర్వతాల పక్కన వాడికే నేను మార్కులేస్తాను.

తేమ పరీక్ష

ఇది అసలు ప్రయోగం, దీని మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. 1937లో గన్ అనే శాస్త్రవేత్త పోర్సెలియో స్కేబర్ అనే జాతి మీద ఇలాంటిదే చేశాడు, ఇప్పటికీ ప్రపంచమంతా కాలేజీల్లో చేయిస్తున్నారు. కాకపోతే చాలాచోట్ల చేయించే తీరులోనే లోపం ఉంటుంది, అది చివర్లో చెప్తాను.

చదునైన పారదర్శకమైన స్వీటు డబ్బా తీసుకోండి. అడుగు భాగాన్ని మధ్యలో ప్లాస్టిక్ పట్టీతో రెండుగా విడగొట్టి అతికించండి. ఒక సగంలో తడి దూది, రెండో సగంలో సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చేవే, వాడే ముందు గింజల్ని పొట్లంలోంచి తీసి పెనం మీద సన్న సెగన వేడి చేసి చల్లార్చండి, ఒట్టి ఎండ సరిపోదు. పట్టీ అంచు మీదుగా దోమతెర గుడ్డ బిగించి అతికిస్తే అది నేల అవుతుంది, జీవి దాని మీద నడుస్తుంది గానీ దూదిని తాకదు. మూత పెట్టి అరగంట వదిలితే రెండు పక్కలా గాలిలో తేమ తేడా నిలుస్తుంది. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్లు ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తాయి, ఒకటుంటే లోపల పెట్టి రెండు పక్కలా అంకె రాయండి.

మధ్యస్థంగా ఒక తేమ కావాలంటే కూడా మార్గముంది. ఉప్పుని కొద్ది నీళ్లలో కలిపి, ఇంకా కరగని ఉప్పు అడుగున మిగిలి ఉండేలా ముద్దలా చేసి మూసిన డబ్బాలో పెడితే, మన గది వేడిలో లోపలి తేమ దాదాపు 75 శాతం దగ్గర నిలబడిపోతుంది. ప్యాకెట్ ఉప్పే వాడండి. ఉప్పు కొటారు నుంచి తెచ్చిన కళ్లుప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, వానాకాలం ఉప్పు డబ్బాలో నీరు ఊరేది దానివల్లే, అది కలిస్తే అంకె మారిపోతుంది.

ఇప్పుడు ఒక్క జీవిని మధ్యలో వదిలి మూత పెట్టండి. పది నిమిషాల పాటు ప్రతి అర నిమిషానికీ రెండు సంగతులు రాయండి: ఏ వైపు ఉంది, కదులుతోందా ఆగి ఉందా. రెండో సంగతి వదిలేస్తే ప్రయోగం సగం పోయినట్టే, ఎందుకో ఇప్పుడే చెప్తాను. అలా ఇరవై జీవులతో, ఒక్కోదానితో ఒక్కసారే చేయండి. పది అయ్యాక డబ్బాని అటుదిటు తిప్పి పెట్టండి, లేకపోతే కిటికీ వెలుతురుకి జడిసి ఒక వైపు పోయిందో, తేమకు పోయిందో తేలదు. తర్వాత రెండు పక్కలా తడి దూదే పెట్టి ఇంకో ఇరవైతో అదే పని చేయండి. ఆ రెండోది విసుగు పుట్టిస్తుంది, అయినా మానకండి. అప్పుడు కూడా ఒక పక్కకే పోతున్నాయంటే మీ డబ్బాలో ఇంకేదో తేడా ఉంది.

చాలాచోట్ల చేసే లోపం ఏంటంటే పది జీవుల్ని ఒకేసారి వదిలి చివర్లో ఎన్ని ఎటున్నాయో లెక్కపెట్టడం. ఇవి గుంపు కట్టే జీవులు. మొదటిది ఎక్కడ ఆగితే మిగతావి అక్కడే పోగవుతాయి, మీకు వచ్చిన పది నిజానికి పది సమాధానాలు కాదు, ఒకటో రెండో. అందుకే విడివిడిగా అంటున్నాను.

ఇరవైలో కనీసం పదిహేను తడి వైపు ఆఖరికి ఆగి ఉంటే అది గుడ్డిగా జరిగే అవకాశం నూటికి ఐదు కంటే తక్కువ, కాబట్టి తేమ వైపు చేరుతున్నాయని ధైర్యంగా రాయొచ్చు. పద్నాలుగొస్తే రాయడానికి లేదు, ఇంకొన్ని జీవులతో కొత్తగా మొదట్నుంచీ చేయాలి. పద్నాలుగుని పదిహేను చేయడానికి ఇంకొక్క జీవిని కలపడం మోసం.

ఇప్పుడు ఆ రెండో సంగతి. తడి ఎటుందో వాసన పట్టి అటు నడిచి వెళ్తుంది అని అందరూ రాస్తారు. గన్ చూసింది వేరు, పొడి గాలిలో అది ఎక్కువసేపు తిరుగుతూనే ఉంటుంది, తడి గాలిలో ఆగిపోతుంది. ఎటు పోవాలో తెలియకపోయినా, బాగాలేని చోట తిరుగుతూ, బాగున్న చోట ఆగితే చివరికి బాగున్న చోటే తేలుతుంది. మీ పుస్తకంలో పొడి వైపు ఉన్నప్పుడు ఎన్ని సార్లు "కదులుతోంది" అని రాశారు, తడి వైపు ఉన్నప్పుడు ఎన్ని సార్లు, ఆ రెండు నిష్పత్తులు తీస్తే గన్ చెప్పింది మీ పెరటి జాతిలోనూ నిజమో కాదో బయటపడుతుంది. ఇంకా నమ్మకంగా కావాలంటే డబ్బా మొత్తం పొడిగా ఒకసారి, మొత్తం తడిగా ఒకసారి పెట్టి ఎంతసేపు నడిచిందో కొలవండి.

మలుపుల పరీక్ష

ఇది పిల్లలకు బాగా నచ్చుతుంది. అట్టపెట్టె ముక్కలతో రెండు సెంటీమీటర్ల వెడల్పు సందు కట్టండి. జీవి కొంచెం దూరం నేరుగా నడిచాక కుడికి మాత్రమే తిరగగలిగేలా ఒక మలుపు, ఆ తర్వాత ఐదు సెంటీమీటర్లకు కుడి ఎడమలు రెండూ తెరిచి ఉన్న కూడలి. బలవంతంగా కుడికి తిరిగినది కూడలిలో ఎక్కువసార్లు ఎడమకు తిరుగుతుంది. ఎడమకు తిప్పితే కుడికి. జపాన్‌లో 1950ల నుంచీ దీని మీద పనిచేస్తున్నారు. కారణం ఏంటన్నదాని మీద ముఖ్యంగా రెండు వాదనలు: మలుపులో బయటి వైపు కాళ్లు ఎక్కువ పని చేస్తాయి కాబట్టి తర్వాత రెండో వైపు కాళ్ల వంతు వస్తుందని ఒకటి, అడ్డాలు ఎదురైనా మొత్తం మీద ఒకే దిక్కుకి పోయి పాడు చోటు నుంచి త్వరగా దూరమవడానికని ఇంకొకటి. రెండూ కలిసే ఉండొచ్చు కూడా.

సగం జీవుల్ని కుడికి, సగం ఎడమకు బలవంతం చేయండి. నేల మీద కాగితం పరిచి ప్రతి జీవికీ మార్చండి, ముందు నడిచినదాని వాసన మీద రెండోది నడవకూడదు. ఆ ఐదు సెంటీమీటర్ల దూరాన్ని పది, ఇరవై చేసి చూడండి, ఎంత దూరం దాకా మలుపు ప్రభావం ఉంటుందో తెలుస్తుంది. సగంలో ఉండ చుట్టుకుని మొండికేసినవాటిని "సమాధానం లేదు" అని రాయండి, పుస్తకంలోంచి కొట్టేయకండి.

గుంపుగా ఉంటే ఏం లాభం

1926లో అమెరికాలో ఆలీ అనే ఆయన ఈ జీవులు పోగుపడటం మీద పెద్ద పని చేశాడు. పోగుగా ఉంటే నీళ్లు తక్కువ పోతాయా అన్నది మీరూ తూచి చూడొచ్చు. ఒక్కో జీవి బరువు గ్రాములో పదో వంతుకు అటూఇటూ ఉంటుంది, కొన్ని ఇంకా తక్కువ, కాబట్టి 0.01 గ్రాము కాటాతో ఒక్కదాన్ని తూస్తే తేడా తెలియదు. పదింటినీ కలిపి తూయండి, వీలైతే 0.001 కాటా వాడండి. పది ఒకే గిన్నెలో, ఇంకో పది విడివిడి సీసా మూతల్లో, మీద దోమతెర కట్టి, పొడి గదిలో రెండు గంటలుంచి మళ్లీ తూయండి. ఏదైనా మందగించినట్టు కనిపిస్తే గడువు చూడకుండా వెంటనే తడి డబ్బాలోకి మార్చండి. చావు దాకా ఎండబెట్టి తేల్చాల్సిన సంగతేమీ ఇందులో లేదు.

ఆకుల తిండి

బాదం, మామిడి, వేప, సరుగుడు ఆకుల్ని విడివిడిగా ఎండబెట్టి తూచి, తడిపి, వేరువేరు డబ్బాల్లో ఐదేసి జీవులతో రెండు వారాలుంచి, మిగిలింది కడిగి, మళ్లీ ఎండబెట్టి తూయండి. జీవులు లేని డబ్బా కూడా ప్రతి ఆకుకీ ఒకటి ఉండాలి, బూజూ సూక్ష్మజీవులూ వాటంతట అవే ఆకు బరువు తగ్గిస్తాయి. పచ్చి ఆకు కన్నా బూజు పట్టి మెత్తబడిన ఆకే వీటికి ఇష్టం. తమ పెంటికల్ని తామే తిరిగి తింటాయి కూడా, చూసి అసహ్యపడకండి. వీటి రక్తంలో ప్రాణవాయువు మోసేది ఇనుము కాదు, రాగి, దాన్ని పోగొట్టుకోకుండా ఉండటానికే అలా తింటాయని ఒక వాదన ఉంది.

కుళ్లిన ఆకు తినే జీవి కాబట్టి తోటకు మేలే చేస్తుంది. లేత మొలకలు మరీ తడిగా, చెత్త నిండుగా ఉన్నచోట కొరికే మాట నిజమే, అర్జెంటీనాలో దున్నకుండా వేసే సోయా చేలల్లో చీడగా లెక్కేస్తారు. మన కుండీల్లో అంత భయం అక్కర్లేదు. మనుషుల్ని కుట్టదు, కరవదు.

ఇంట్లో తేలనివి

కొన్ని చూసి గుర్తించడం వరకే మన పని. ఎప్పుడైనా మెరిసే నీలం రంగులో ఒకటి కనబడితే కొత్త జాతి దొరికిందని సంబరపడే ముందు ఆగండి. ఇరిడోవైరస్ సోకినవి అలా నీలంగా మారతాయి, త్వరలో చస్తాయి. దాన్ని వేరు చేసి ఫొటోలు తీసి పెట్టండి. మీ డబ్బాలో పుట్టినవన్నీ దాదాపు ఆడవే అయితే వోల్బాకియా అనే బ్యాక్టీరియా అనుమానించొచ్చు, ఆర్మడిల్లిడియం వల్గేర్‌లో అది మగగా పుట్టాల్సినవాటిని ఆడవిగా మార్చేస్తుందని రుజువైంది. కానీ డీఎన్‌ఏ పరీక్ష లేకుండా తేల్చలేం. అలాగే ఇవి సీసం, కాడ్మియం, జింక్ లాంటి లోహాల్ని కాలేయం లాంటి గ్రంథిలో పోగేసుకుంటాయి, ఇంగ్లండులో స్టీఫెన్ హాప్‌కిన్ అనే శాస్త్రవేత్త లోహ కర్మాగారం చుట్టుపక్కల కాలుష్యాన్ని వీటితోనే చదివాడు. మీ ఊళ్లో ఫ్యాక్టరీ మీద అనుమానం ఉన్నంత మాత్రాన డబ్బాలోని పురుగుల్ని చూసి రుజువైందని రాయలేరు, ల్యాబ్ కావాలి.

పుస్తకం, పేరు, వదిలేయడం

ప్రతి పేజీలో తేదీ, వేళ, ఊరు, ఎక్కడ దొరికింది, గది వేడి, తేమ ముందు రాయండి, ఆ తర్వాతే మిగతావి. పెన్నుతో రాయండి, తప్పొస్తే గీత కొట్టండి గానీ దిద్దకండి. ఫొటోల్లో పక్కన స్కేలు ఉండాలి, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, కింద నుంచి ఒకటి, తోక వైపు దగ్గరగా ఒకటి. జీవుల ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవాళ్లు ఏ కుటుంబానిదో కొంతవరకు చెప్తారు. జాతి దాకా పోవాలంటే మగదాని పొట్ట కింది రేకుల ఆకారం మైక్రోస్కోపు కింద చూడాలి, దానికి ఒకటి రెండు నమూనాలు 70 శాతం ఆల్కహాల్‌లో పెట్టాలి. అంతగా కావాలనుకుంటే మీ దగ్గరి కాలేజీ జువాలజీ మాస్టారి ద్వారా జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లకు రాయండి, చచ్చి దొరికినవి ఉంటే వాటినే పంపండి.

పని అయ్యాక ఎక్కడ పట్టారో అక్కడే, సాయంత్రం పూట, తడిపిన నేల మీద వదలండి. ఉదయగిరి వైపు పట్టినవాటిని నెల్లూరు పెరట్లో వదలొద్దు, మీ పలకల లెక్క కూడా పాడవుతుంది. డబ్బాలో పుట్టిన పిల్లలు ఎక్కువైపోతే మార్చి లోపే వదిలేయండి, ఏప్రిల్ ఎండల్లో వదిలితే అవి తడిచోటు చేరుకునేలోపే ఎండిపోతాయి.